బంతి ఎవరిదిరా

“కెబె భాంగిథిలా, మౌసా?” అని అడిగింది డాక్టరమ్మ, నా కుడిచేతి ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని. ఎప్పుడు విరిగింది బాబాయ్ అని. నేను వెళ్ళింది బొటనవేలి నొప్పికి. ఆవిడ చూపిస్తున్నది ఉంగరం వేలు. నడిమి కణుపు దగ్గర ఎముక ఎప్పుడో విరిగి, సరిగ్గా కూర్చోక, వంకరగానే అతుక్కుపోయిందట. ఇంత నొప్పి ఎలా ఓర్చుకున్నారు, అప్పుడే ఎందుకు చూపించుకోలేదు అని ఒరియాలోనే చీవాట్లు పెట్టింది. “మొనె నాహి” అన్నాను. గుర్తు లేదమ్మా అని. డెబ్బై దాటినవాడు గుర్తు లేదంటే ఎవరైనా నమ్ముతారు, ముసలితనంలో ఉన్న ఒకే ఒక్క సుఖం అది. గుర్తు లేకపోవడమేమిటి నా మొహం! ఏ పూట, ఏ బంతికి విరిగిందో కూడా గుర్తే. ఇంటికొచ్చి ఆ ఎక్స్‌రేని బీరువాలో బట్టల అడుగున పెట్టేశాను. “ఏటన్నాది డాక్టరు?” అని మా ఆవిడ అడిగితే “ఏటీ లేదు, వయసంట” అన్నాను.

మాది బరంపురం గేట్ బజార్‌లో చింతపండు, ఎండుమిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఏ గదిలో కూర్చున్నా మిరప ఘాటే. కొత్త కోడళ్ళు మొదటి నెలంతా తుమ్ముతూ తిరిగేవారు, రెండో నెలకి వాళ్ళకీ ఆ వాసన తెలియకుండా పోయేది. వర్షాకాలంలో చింతపండు బుట్టలు చెమ్మగిల్లి ఇల్లంతా పుల్లని వాసన వేసేది. నాన్న పొద్దున్నే గడప కడిగించి, సాంబ్రాణి పొగ వేసి, తక్కెడకి దండం పెట్టుకుని గద్దె మీద కూర్చునేవాడు. మెత్తని మనిషే కానీ ఒక్క విషయంలో మాత్రం ఊరుకునేవాడు కాదు. గిరాకీ ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే జవాబు చెప్పాలి. ఒరియాలో అడిగినవాడికి తెలుగులో చెప్పామో, నెత్తిమీద మొట్టికాయ పడేది. “ఆడు ఏ బాసలో అడిగినాడు, నువ్వు ఏ బాసలో సెప్పినావు? మన కొట్టుకొచ్చినోడు మన గుమ్మంలోనే పరాయోడైపోవాలేట్రా?” అనేవాడు. అలా మొట్టికాయల మీద అలవాటైపోయింది మాకు. ప్రశ్న ఏ భాషలో చెవిన పడితే జవాబు ఆ భాషలోనే నోట్లోంచి వచ్చేసేది, మధ్యలో ఆలోచన అనేదే ఉండేది కాదు. మా ఇంట్లోనే కాదు, ఈ గంజాం జిల్లా తెలుగువాళ్ళందరికీ అంతో ఇంతో ఉన్నదే ఈ అలవాటు. మనుషుల్ని దగ్గర చేసుకోమని నాన్న నేర్పిన దాన్ని నేను ఒక కుర్రాడి మీద ఎలా వాడానో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నానంటే మంచివాణ్ణయిపోయానని కాదు. ఆ ఎక్స్‌రే నన్ను పట్టించేసింది, అంతే.

కాలేజీలో నేను వాలీబాల్ జట్టుకి బూస్టర్‌ని. ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. వెనకవాడు పైకి లేపిన బంతిని వేళ్ళ కొసల మీద అందుకుని, షూటర్ ఎగిరి కొట్టడానికి వీలుగా నెట్ పక్కన నిలబెట్టినట్టు లేపేవాడు బూస్టర్. చప్పట్లు కొట్టేది షూటర్‌కే. కానీ జట్టు నడిచేది బూస్టర్ చేతి మీద. మొదటి ఏడాది రెండో నెల నుంచీ ఆ చోటు నాదే. గేట్ బజార్‌లో నడుస్తుంటే “అదిగోరా, బూస్టర్ కామేశం” అనేవారు. దుకాణంలో నేను ఫలానా వారి రెండో అబ్బాయిని, అంతే. నెట్ దగ్గర మాత్రం నాకొక పేరుంది. ఆ పేరు కోసం ఏదైనా చేసేవాణ్ణి, చేశాను కూడా. ఆఖరి ఏడాది చలికాలంలో ప్రాక్టీసులో ఒక షాట్ సూటిగా వేలి కొసకి తగిలింది. టక్కుమన్న చప్పుడు నాకొక్కడికే వినిపించింది. “బెణికింది” అన్నాను అందరితో. బెణికితే వారం రోజులు. విరిగిందంటే ఆ ఏడు ఆటే లేదు, ఆ తర్వాత ఇంకో ఏడూ లేదు.

మా మామ్మ మటుకు నమ్మలేదు. హుమ్మ నుంచి బస్తాల్లో వచ్చే ముతక ఉప్పుని ఇనప మూకుడులో చిటపటలాడేదాకా వేయించి, నాన్న పాత పంచె ముక్కలో మూటకట్టి వేలికి కాపడం పెట్టేది. ఆ వేడి ఉప్పు వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. “ఓలమ్మ, ఇదేట్రా ఇలగ నీలంగైపోనాది? ఆసుపత్రికెల్లరా బావూ” అని రోజూ గొణిగేది. “ఏటీ లేదు మామ్మా, బెణికింది” అనేవాణ్ణి రోజూ. నెల గడిచింది, రెండు గడిచాయి. వేలు వంగదు, నా బూస్టింగ్ కుదరదు. మా షూటర్ బిపిన్ ఎగిరే సరికి బంతి వాడి చెవి వెనకుండేది. ఒక్కోసారి నెట్ దాటి అవతలవాళ్ళ చేతుల్లోకే వెళ్ళేది. బిపిన్ ఒరియా కుర్రాడు, నాకు మంచి స్నేహితుడు. కింద ఉమ్మేసి తన చోటికి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడే మొదటి సంవత్సరంలో చేరాడు లింగరాజు. పాత్రపూర్ అవతల ఒక పల్లె వాళ్ళది, తండ్రి వేరేవాళ్ళ పొలాల్లో కూలి. కళ్ళంలో రెండు కర్రలు పాతి, మోకుతాడు కట్టి నేర్చుకున్న ఆట వాడిది. బూస్టింగ్‌లో తప్పు ఎక్కడ తెలుస్తుందంటే చప్పుడులో. చెయ్యి మొద్దుగా ఉంటే బంతి చప్పుడు చేస్తుంది. లింగరాజు చేతుల్లోంచి బంతి వెళ్తుంటే ఏ చప్పుడూ ఉండేది కాదు. మొదటిరోజే వీపు తిప్పుకుని నిలబడి విన్నాను. విని, వినబడలేదు కాబట్టి, కడుపు భగ్గుమంది. అబ్బాయి మంచివాడు, వినయస్తుడు, నన్ను అన్నా అనేవాడు. అదింకా మంటగా ఉండేది. వాడు తిక్కగా, పొగరుగా ఉంటే నాకెంత సుఖంగా ఉండేదో!

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. ఆ ఏడాది కాలేజీల మధ్య జరిగే ఫైనల్ చూడ్డానికి ఒక ఫ్యాక్టరీ జట్టువాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి బూస్టర్ కావాలి. ఆట నచ్చితే ఉద్యోగమిచ్చి తీసుకుపోతారు. లింగరాజుకి వాళ్ళ నాన్న ఇచ్చిన గడువు ఒక్క ఏడు. ఏదో ఒక దారి దొరికిందా సరే, లేదా ఎండాకాలం రాగానే మేనమామ వెంట సూరత్ మగ్గాల్లోకి. నాకా, ఉద్యోగం అక్కర్లేదు. నాన్న పక్కన గద్దె నాకోసం కాచుకుని ఉంది. ఈ సంగతి నాకు తెలుసు, లింగరాజుకి తెలుసు, మా డ్రిల్లు సార్‌కి తెలుసు. సార్ పాణిగ్రాహి అని ఒరియా బ్రాహ్మడు, మాతో తెలుగే మాట్లాడేవారు. నా మూడేళ్ళ అనుభవాన్ని పక్కన పెట్టి మొదటి సంవత్సరం కుర్రాణ్ణి ఫైనల్‌లో దింపాలా వద్దా అని ఆయన వారం రోజులు తల పట్టుకుని తిరిగారు.

లింగరాజు మీద చెప్పడానికి ఉన్న వంక ఒక్కటే, అదీ ఒక చిన్న మాట. మా జట్టులో సగం ఒరియావాళ్ళు, సగం తెలుగువాళ్ళం. ఇద్దరి మధ్యకి బంతి వస్తే, తీసుకోబోయేవాడు నాది అని అరవాలి. తెలుగువాడు అరిస్తే పరుగులో “నా—” మాత్రమే వినిపిస్తుంది, “ది” గాలికి పోతుంది. ఒరియాలో నా అంటే కాదు, వద్దు. వీడు వద్దంటున్నాడు కదా అని ఒరియావాడు ముందుకురుకుతాడు, ఇద్దరూ గుద్దుకుంటారు, బంతి నేలపాలు. నేను చేరక ముందు ఇలాగే ఒకడి పళ్ళు రాలాయట. అప్పటి నుంచి సార్ కోర్టులో ఒకే మాట పెట్టారు, “మోర”. ఒరియాలో నాది అని. లింగరాజు ఆ మాటని మందులా మింగాడు పాపం. దారిలో నడుస్తూ మోర, మోర అనుకునేవాడు. మా ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ కూడా అదే.

మా ఇంటికి ఎందుకొచ్చేవాడంటే, మామ్మ పిలిచేది. వాడి బక్క ఒళ్ళు చూడలేక చద్దన్నం, ఉల్లిపాయ, గుమ్మడి వడియాలు పెట్టేది. బిపిన్ వస్తే లోపల పీట వేసి కంచంలో పెట్టేవాళ్ళం. లింగరాజుకి వరండాలో, విస్తరాకులో. ఎందుకని వాడు అడగలేదు, మేం చెప్పలేదు. తిన్నాక ఆకు తనే తీసి, చోటు తనే కడిగి, మామ్మ చేతిలోంచి ఉప్పు మూట తీసుకుని నా వేలికి కాపడం పెట్టేవాడు. ఒకరోజు ఆ కణుపుని రెండు వేళ్ళతో నెమ్మదిగా తడిమి, “అన్నా, ఇది బెణుకు కాదే. మా ఊర్లో ఎద్దు తొక్కితే మా అయ్య కాలి ఏలు ఇలగే ఉండీది. లోపల ఇరిగినాది” అన్నాడు. “నీకు డాక్టరు చదువు కూడా వచ్చేట్రా? నోర్ముయ్. ఎవడితోనైనా అన్నావంటే సూడు” అన్నాను. “నేనెందుకంటానన్నా” అని మళ్ళీ ఉప్పు మూట అద్దాడు.

ఫైనల్‌కి మూడు రోజుల ముందు సార్ లింగరాజుని అసలు జట్టులో నిలబెట్టి చూశారు. నన్ను బయట నిలబెట్టారు, నెట్ గుంజ పక్కన. అరగంట సేపు నా కళ్ళెదుట వాడు ఆడిన ఆట గురించి ఇప్పుడు కూడా చెప్పలేను, నోరు చేదెక్కుతుంది. బిపిన్ ఎగిరిన ప్రతిసారీ బంతి అక్కడే ఉండేది. మూడేళ్ళలో నేనెప్పుడూ వినని నవ్వు నవ్వాడు బిపిన్. అప్పుడు ఒక బంతి ఎత్తుగా లేచి, వాడికీ బిపిన్‌కీ సరిగ్గా మధ్యకి రాసాగింది. లింగరాజు తలెత్తి దాని కిందకి వచ్చాడు. మోర అనడానికి పెదవులు గుండ్రంగా చుట్టాడు, నేను చూశాను. చూసి, గుంజ పక్క నుంచి గట్టిగా, మా నాన్న దుకాణంలో పిలిచినట్టు తెలుగులో అడిగాను: “ఒరే లింగా, బంతి ఎవరిదిరా?”

“నాదీ!” అన్నాడు వాడు. ఏ భాషలో అడిగితే ఆ భాషలో. బిపిన్ దూసుకొచ్చాడు, ఇద్దరూ గుద్దుకున్నారు, బిపిన్ పెదవి చిట్లి రక్తం కారింది. సార్ ఈల ఊదారు. “లింగరాజ్, ఎన్నిసార్లు చెప్పాలి బాబూ నీకు?” అన్నారు. కోర్టు అవతలి పక్క నిలబడిన ఆయనకి నా కేక కూడా పదిమంది కేకల్లో ఒకటి. లింగరాజు నా వైపు చూశాడు. అన్న అడిగాడు సార్, అందుకే అన్నాను అని ఒక్క మాటంటే చాలు. అనలేదు. తలొంచుకుని “తప్పయిపోనాది సార్” అన్నాడు. నేను ముందుకొచ్చి, పెద్దమనిషిలా వాడి భుజం మీద చెయ్యి వేసి, “కొత్త కదండీ సార్, వచ్చే ఏడుకి నేర్చుకుంటాడు” అన్నాను. వాడికి వచ్చే ఏడు లేదని తెలిసే అన్నాను. ఇంత నీచంగా మాట్లాడ్డం నాకెవరూ నేర్పలేదు, అది నా సొంత విద్య.

ఫైనల్ పొద్దున సార్ నన్ను పక్కకి పిలిచారు. “మూడేళ్ళు నువ్వు నాకు చేశావు. అందుకని నిన్నే అడుగుతున్నాను. పిడికిలి బిగించి చూపించు. వేలు బాగుందో లేదో నువ్వే చెప్పు” అన్నారు. ఆ వేలిని నడిమి వేలితో కలిపి ముందే పట్టీ వేసి ఉంచాను, బిగించాను. కళ్ళలోకి నీళ్ళు రాబోతే పైకి చూసి, ఎండ ఎక్కువగా ఉందండీ అన్నాను. ఆయన నా చెయ్యి చూడలేదు, మొహమే చూశారు. తర్వాత నెట్‌కి తాళ్ళు కడుతున్న లింగరాజు దగ్గరికి వెళ్ళి ఏదో అన్నారు. వాడు తల అడ్డంగా ఊపాడు. నిన్ను ఆడించడం లేదని చెబుతున్నారు కాబోలు అనుకున్నాను. తిరిగొచ్చి “వెళ్ళు, నువ్వే ఆడు” అన్నారు.

ఆ ఆట గురించి ఎక్కువ చెప్పను. బిపిన్ చిట్లిన పెదవితోనే ప్రాణం పెట్టి ఆడాడు కాబట్టి ఆఖరి సెట్ దాకా లాక్కొచ్చాం. ఆఖరి పాయింటు. మా వెనకవాడు లేపిన బంతి ఎత్తుగా లేచి నాకూ బిపిన్‌కీ మధ్యకి వచ్చింది. అచ్చం అదే బంతి, ఒట్టు. మూడేళ్ళు మోర అని అరిచినవాణ్ణి, కుర్రాళ్ళకి నేర్పినవాణ్ణి. వేళ్ళు ఎత్తేసరికి ఆ వేలు భగ్గుమని మండింది. నోట్లోంచి “నా—” అని వచ్చింది. ఎవరూ తెలుగులో అడగలేదు నన్ను. బిపిన్ దూసుకొచ్చాడు. ఇద్దరం కింద పడ్డాం, మా మధ్యన దుమ్ములో బంతి. “తు తొ నా కొహిలు!” అని అరిచాడు బిపిన్ నా మీద పడి ఉండగానే. నువ్వేగా వద్దన్నావు అని. అవతల జట్టు కేకలేస్తూ గంతులేస్తోంది. ఫ్యాక్టరీవాళ్ళు లేచి ప్యాంట్లు దులుపుకుని వాళ్ళ దగ్గరికి నడిచారు. అవతలి జట్టు బూస్టర్‌నే తీసుకున్నారని రెండు రోజులకి తెలిసింది. వాడు నాకన్నా నయమే కానీ లింగరాజు ముందు ఎందుకూ కొరగాడు.

జనం వెళ్ళిపోయాక లింగరాజు ఒక్కడే నెట్ విప్పి మడత పెడుతున్నాడు. నా దగ్గరికొచ్చి “అన్నా, ఏలు ఎలగుంది?” అన్నాడు. ఆ అడగడంలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. “నీ పని నువ్వు సూసుకోరా” అన్నాను. పరీక్షలయ్యాక సూరత్ వెళ్ళే ముందు తాటిముంజెలు పట్టుకుని మా ఇంటికొచ్చాడట, మామ్మకిచ్చి వెళ్ళాడట. అట ఏమిటి, వచ్చినప్పుడు నేను దుకాణంలోనే ఉన్నాను. తక్కెడ మీద వంగి, వాడు సందు మలుపు తిరిగేదాకా తలెత్తలేదు. “ఆ గుంటడు మళ్ళా రాడేట్రా?” అని మామ్మ చాలాకాలం అడిగింది. ఉప్పు వేయించినప్పుడల్లా అడిగేది.

ఇప్పుడు చింతపండు ప్లాస్టిక్ ప్యాకెట్లలో వస్తోంది, ఇంట్లో ఏ వాసనా లేదు. మా మనవడు కొట్లో కూర్చుని ఎవరేం అడిగినా ఫోన్ మీంచి తలెత్తకుండా హిందీలో ధర చెబుతాడు. మేం ఆడిన చోట గోడ కట్టి దుకాణాలు లేపారు. సాయంత్రాలు నా ఈడువాళ్ళు అరుగుమీద చేరి, మా రోజుల్లో మర్యాదేమిటి, నీతేమిటి, పెద్దంతరం చిన్నంతరం ఏమిటి అని ఒకటే పాట. నేను నోరు విప్పను. మా రోజుల్లో ఏం మర్యాదగా బతికామో నాకు తెలుసు. మా మనవడు పొగరుమోతే కానీ, వరండాలో ఎవరికీ ఆకు వెయ్యడు.

ఎక్స్‌రే దాచిన వారానికి ఇంట్లో ఉండలేక పాత్రపూర్ బస్సెక్కాను. లింగరాజు సూరత్ నుంచి తిరిగొచ్చేశాడని ఆ వైపు నుంచి సరుకు తెచ్చే మనిషి ఎప్పుడో చెప్పాడు. ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు చింతపండు పిక్కలు తీస్తున్నారు, మాలాంటి కొట్ల కోసమే. కోడలు కాబోలు, లేచి వచ్చింది. “మా మావకి ఇనబడదు బావూ. ముప్పయ్యేల్లు మగ్గాల సప్పుడు, సెవులు రెండూ పోనాయి. గట్టిగా అరవాల” అంది. చప్పుడు చెయ్యకుండా బంతి ఆడినవాడు.

గుమ్మంలోకి వచ్చి నన్ను తేరిపార చూశాడు. ఒళ్ళు ఎండిపోయింది, నవ్వు మాత్రం అదే. “కామేశం అన్నా!” అని చెవిటివాళ్ళు అరిచినట్టు అరిచాడు. చెయ్యి పట్టుకుని తిన్నగా ఇంట్లోకి, వంటింటి పక్క దాకా తీసుకుపోయి పీట వేశాడు. “అమ్మీ, అన్నకి కంచం పెట్టు!” అన్నాడు. నా కుడిచెయ్యి వదల్లేదు. ఆ కణుపు మీద రెండు వేళ్ళు వేసి తడిమాడు. “ఏలు ఎలగుందన్నా? నాను అప్పుడే సెప్పినాను కదా ఇరిగిందని!” అని నవ్వాడు. తర్వాత, అదేదో చిన్న సంగతన్నట్టు అన్నాడు: “ఆ పొద్దు సార్ నన్ను కూడా అడిగినారు. నువ్వు రోజూ కాపడం పెడతన్నావు, ఆడి ఏలు ఇరిగిందా సెప్పు, ఇరిగితే నిన్ను దించుతానన్నారు. ఏటీ లేదు సార్, బాగుందన్నాను. నీకు మాటిచ్చినాను గదా మరి.”

కంచం వచ్చింది. వేడి అన్నం, పప్పు, ఎర్రగా వేగిన గుమ్మడి వడియాలు. చెప్పడానికే కదా వచ్చాను అని, కంచం కేసి చూస్తూ చెప్పాను. ఆ రోజు గుంజ పక్క నుంచి కావాలనే అడిగానురా, నువ్వు తెలుగులో అంటావని తెలిసే అడిగాను, నీ బతుకు నేనే పాడు చేశాను, తప్పు నాదిరా లింగా అని. అంతా నాకు మాత్రమే వినబడే గొంతుతో చెప్పాను.

వాడు నా పెదవుల కదలిక చూసి చెవి పక్కన చెయ్యి ఆనించుకుని ముందుకి వంగాడు. “ఏటన్నా? గట్టిగా సెప్పు, పరవాలేదు.”

వాకిట్లో ఆడవాళ్ళ చేతులు ఆగాయి. కోడలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

“ఏటీ లేదు!” అని అరిచాను. అది మాత్రం వాడికి వినిపించింది.